గేటు పడితే ఎవరి మీద పడుతది?

(నల్లగొండ, పాలమూరు కార్యకర్తల సభలో చేసిన ప్రసంగ పాఠం)



సరిహద్దు అనంగనే మనకు టీవీలో చూపించే మంచుకొండలు, ముళ్ళకంచె, తుపాకులు గుర్తుకొస్తయి. అది మనకు వెయ్యి మైళ్ళ దూరంల ఉన్న సంగతి అనుకుంటం. కానీ మన బతుకుల్లోనూ సరిహద్దు ఉంది. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. కోదాడ దాటి రామాపురం క్రాస్‌రోడ్డు మీదుగా పోతే జగ్గయ్యపేట. పుల్లూరు టోల్‌గేటు దాటితే కర్నూలు. కృష్ణా స్టేషన్ దగ్గర నది దాటితే రాయచూరు. ఈ దారులు 2020లో మూతబడ్డయి. 2021లో మళ్ళా పోలీసు బారికేడ్లు లేచినయి. మూసినప్పుడు దెబ్బ ఎవరికి తగిలింది? ఇయ్యాల మేము మాట్లాడదలుచుకున్నది ఇదే.

ముందుగా ఒక మాట. ఈ గీతలు దేవుడు గీసినవి కావు. అలంపూర్, గద్వాల తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోని రాయచూరు జిల్లాలో ఉండేవి. తర్వాత పాలమూరులో కలిసినయి. అవతలి ఒడ్డున కర్నూలు 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. నిజాం కాలంలో నది ఇవతల హాలీ సిక్కా, అవతల కల్దార్ రూపాయి. నడుమ కరోడ్‌గిరి నాకా. 1947 ఆగస్టు నుంచి 1948 సెప్టెంబరు దాకా ఇది దాదాపు రెండు దేశాల నడుమ సరిహద్దే. దిగ్బంధం వల్ల మందులు కూడా రావడం లేదని హైదరాబాద్ సర్కారు మొత్తుకుంది. రజాకార్ల భయానికి స్తోమత ఉన్న కుటుంబాలు ఎన్నో అవతలికి పోయి ఇండ్లు తీసుకున్నయి. గడీలో వెట్టి చేసే మాల మాదిగకు బండి ఎక్కడిది, బెజవాడలో ఇల్లు ఎవడిస్తడు? 1956లో గీత చెరిపిండ్రు. 2014 జూన్ 2న మళ్ళా గీసిండ్రు. నది అదే, కూలీ అదే, కూలీ నెత్తిమీది తట్ట కూడా అదే.

ఇప్పుడు 2020 సంగతికి వద్దాం. మార్చి 22న జనతా కర్ఫ్యూ. ఆ రోజే తెలంగాణ సర్కారు లాక్‌డౌన్ చెప్పి సరిహద్దులు మూస్తున్నామంది. మార్చి 25 నుంచి దేశమంతా బందు. పట్నంలో హాస్టళ్ళు ఖాళీ చేయమంటున్నరని పిల్లలు పోలీసుస్టేషన్ల ముందు బారులు కట్టి పాసులు తెచ్చుకున్నరు. ఆ పాసులు పట్టుకొని గరికపాడు దగ్గరికి, వాడపల్లి అవతల పొందుగుల దగ్గరికి పోతే అక్కడ ఆపేసిండ్రు. ఒక రాష్ట్రం ఇచ్చిన కాయితం నది నడుమ దాకనే చెల్లింది. చదువుకొని, చేతిలో పాసు పెట్టుకొని, ఫోను చేయగలిగిన పిల్లలకే ఆ గతి పడితే, పాసు అంటే ఏందో తెలువని కూలోళ్ళ సంగతేంది?

ఏప్రిల్‌లో, ములుగు జిల్లాకు మిరపకాయ ఏరడానికి వచ్చిన పన్నెండేండ్ల ఆదివాసీ పిల్ల ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి రోజుల తరబడి నడిచి, ఇంటి దగ్గరి దాకా వచ్చి ప్రాణం విడిచింది. ఆ పిల్ల ఏ చట్టం తప్పింది? బొంబాయిలో మట్టిపని, రాళ్ళపని చేసే పాలమూరు లేబర్‌కూ ఆ నెలల్లో పని లేదు, బండి లేదు. వలస కూలీల కోసం మొదటి శ్రామిక్ రైలు మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌కు కదిలింది మే 1న. అంటే తలుపు మూసిన అయిదు వారాలకు! అన్ని రోజులూ నిత్యావసర సరుకుల లారీలకు అనుమతి ఉంది. బస్తాకు పర్మిషన్ దొరికింది, బస్తా మోసే హమాలీకి దొరకలేదు.

రోగాన్ని ఆపొద్దని మేము అనడం లేదు. మాస్కు పెట్టుకోవాలె, గుంపులు తగ్గాలె, పరీక్షలు చేయాలె. మేము అడిగేది వేరే. రోగం వ్యాపించకుండా ఆపడం, రోగిని ఆపడం ఒకటేనా?

2021 మే నెలలో జరిగింది చూడండి. ఆక్సిజన్ దొరకక జనం విలవిలలాడుతున్న రోజులు. కర్నూలు దిక్కు నుంచి హైదరాబాద్‌కు వస్తున్న అంబులెన్సులను పుల్లూరు దగ్గర ఆపిండ్రు. హాస్పిటల్‌లో మంచం ఉన్నట్టు ముందే ఖాయం చేసుకోవాలె, సర్కారు అనుమతి ఉండాలె అన్నరు. ఆ ఆగుడులో ఇద్దరు చనిపోయిండ్రని పత్రికల్లో వచ్చింది. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ సర్క్యులర్‌ను నిలిపివేసింది. చట్టం ప్రకారం హైదరాబాద్ అప్పటికి రెండు రాష్ట్రాలకూ ఉమ్మడి రాజధాని. ఆ గడువు 2024 జూన్ 2న గానీ తీరలేదు.

ఆపింది మన సర్కారు. ఆగింది రాయలసీమ రోగులు. వాళ్ళు మనోళ్ళు కాదు గదా అనుకుందమా? తెలంగాణ కోసం కొట్లాడినోళ్ళం మనం. నీళ్ళు అడిగినం, నిధులు అడిగినం, నియామకాలు అడిగినం. అంబులెన్సును రోడ్డు మీద నిలబెట్టమని ఎన్నడూ అడగలేదు. పైగా, ఇయ్యాల వాళ్ళ మీద పడ్డ గేటు రేపు మన మీద పడదని గ్యారంటీ ఏంది? అలంపూర్ ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. అక్కడి పేదలకు నొప్పులొస్తే, పాము కరిస్తే దగ్గరి పెద్ద దవాఖాన కర్నూలు సర్కారు దవాఖానే. ఓటు ఇవతల, మంచం అవతల. కర్నూలోళ్ళు కూడా గట్లనే గేటు వేస్తే మన బాలింతల గతేంది?

సరిహద్దు మూత మనకు కొత్త కాదు. ఊరికీ వాడకూ నడుమ గీత ఎన్నటి నుంచో ఉంది. ఆ గీతకు ఏ సర్కారూ జీవో ఇయ్యలేదు, ఏ కోర్టూ స్టే ఇయ్యలేదు. 2020లో ఊళ్ళకు ఊళ్ళే పొలిమేరల్లో కంపలు వేసి బయటోళ్ళు రావద్దన్నయి. 'సామాజిక దూరం' పాటించమని మైకుల్లో చెప్పిండ్రు. ఆ మాట వింటే మన ఒళ్ళు మండదా? వేల ఏండ్లుగా మనలను ఉంచింది సామాజిక దూరంలోనే గదా! రోగానికి కావలసింది మనిషికీ మనిషికీ నడుమ ఆరడుగుల ఎడం. దానికి ఆ పేరు పెట్టడంలోనే ఈ దేశపు మనసు బయటపడ్డది.

గేటు వేయడానికి రోగమే కావాలని కూడా లేదు. 2023 నవంబరు 30న, మనం ఓట్లు వేసే రోజున, నీళ్ళ తగాదాలో నాగార్జునసాగర్ డ్యామ్ మీద పదమూడో గేటు దగ్గర ఆంధ్రా పోలీసులు ముళ్ళకంచె వేసిండ్రు. ఆ డ్యామ్‌ను రాయి మీద రాయి పేర్చి కట్టింది కూలీలు. వాళ్ళు ఏ ఒడ్డు వాళ్ళని ఆనాడు ఎవడూ అడగలేదు. కంచె వేసినప్పుడు కూడా ఎవడూ వాళ్ళను అడగలేదు.

బాబాసాహెబ్ రాసిన రాజ్యాంగంలో 19వ అధికరణం దేశమంతటా తిరిగే హక్కు ఇచ్చింది. 21వది ప్రాణానికి హామీ ఇచ్చింది. ప్రజల మేలు కోసం తిరిగే హక్కుకు హద్దులు పెట్టొచ్చని కూడా రాజ్యాంగమే చెప్పింది. సరే. కానీ ఆ హద్దు న్యాయమైనదై ఉండాలె. కారున్నోడికి ఆన్‌లైన్ పాసు, కాలినడకోడికి లాఠీ అయితే అది న్యాయం కాదు.

కాబట్టి మన డిమాండ్లు సాఫ్‌గా చెప్పుకుందాం. ఏ సందర్భంలోనైనా రోగిని, గర్భిణిని, అంబులెన్సును సరిహద్దులో ఆపొద్దు. గేటు వేసే ముందు కూలీలకు ఇల్లు చేరే వ్యవధి, బండి, బువ్వ ఇవ్వాలె. పాసు ఫోనులోనే కాదు, పంచాయతీ ఆఫీసులో కాయితం మీద కూడా దొరకాలె. అన్నిటికన్నా ముఖ్యం, పాణం కోసం నది దాటే అవసరమే తగ్గాలె. 2024లో గద్వాలలో, నారాయణపేటలో మెడికల్ కాలేజీలు తెరిచిండ్రు. సంతోషం. కానీ బోర్డు రోగం నయం చేయదు. రాత్రి రెండు గంటలకు డాక్టరు ఉన్నడా, రక్తం ఉన్నదా, ఆక్సిజన్ ఉన్నదా అని మనమే పోయి అడగాలె.

ప్రతి వాడలో ఇద్దరు చదువుకున్న పిల్లలు లేచి, ఎవరు ఏ పనికి ఏ రాష్ట్రం పోయిండ్రో, వాళ్ళ ఫోను నంబర్లేందో ఒక నోటుబుక్కులో రాసి పెట్టండి. 2020లో వలసపోయిన కూలీలు ఎందరో చెప్పడానికి ఢిల్లీ సర్కారు దగ్గరనే లెక్క లేదు. మన లెక్క మన దగ్గర ఉంటే, మళ్ళా గేటు పడ్డనాడు కలెక్టరు ముందు పేరు పేరునా అడగొచ్చు. ఈ పని వచ్చే ఆదివారమే మొదలు పెడదాం.

జై భీమ్!