చిన్న కొలువు, పెద్ద సాధన



తొలి కొలువు చిన్నదని చిన్నబుచ్చుకొను యువకులు శ్రీనివాస రామానుజుని చరిత్రము తెలిసికొనవలెను. గణితముపైననే మనసు నిలిపి ఆయన కళాశాల పరీక్షలు తప్పెను. 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల జీతముపై లెక్కల గుమాస్తాగా చేరెను. అప్పగించిన పని ముగించి, మిగిలిన వేళను గణితమునకు వినియోగించెను. పై అధికారియగు నారాయణయ్యరు గణితము తెలిసినవాడు. ఆయన ఈ గుమాస్తా ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. ఇంగ్లాండు పండితులకు జాబులు వ్రాయగా ఇరువురు ఆదరింపలేదు. రామానుజుడు క్రుంగక 1913 జనవరిలో హార్డీ పండితునికి వ్రాసెను. ఆ యేడే మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధక వేతన మొసగెను. 1914లో కేంబ్రిడ్జికి పయనము. 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వము.

ఇందు గ్రహింపవలసినవి నాలుగు: ఏనాటి పని ఆనాడే ముగించుట, మిగిలిన గంటను విద్య కిచ్చుట, నేర్చినదానిని తెలిసినవారికి చూపుట, తిరస్కారమునకు వెరవకుండుట. క్రిందివాని ప్రతిభను గుర్తించుట పైవాని ధర్మము.

బాల్యమున ఎరువుగా తెచ్చుకొన్న గణితగ్రంథ మొకటి రామానుజునికి గురువయ్యెను. అందరును రామానుజులు కాజాలరు; కాని సాయంకాలపు గంట యొకటి అందరికిని కలదు. ఆ గంటకు గ్రంథాలయము తలుపు తెరచియే యున్నది.