ఖాళీ ప్లేటును నమ్మే ముందు

పట్టాలు అందుకుంటున్న మైక్రోబయాలజీ విద్యార్థులారా, మీకు నా అభినందనలు.

మీలో చాలామంది రేపోమాపో ఈ అనకాపల్లి నుంచి పరవాడ ఫార్మా సిటీకో, అచ్యుతాపురానికో బస్సెక్కుతారు. అక్కడి ల్యాబుల్లో డిస్‌ఇన్ఫెక్టెంట్ పరీక్ష మీ చేతికి రావచ్చు. లెక్క తెలిసిన బ్యాక్టీరియాను మందులో కలపాలి, చెప్పినన్ని నిమిషాలు ఆగాలి, ప్లేటులో పోసి ఇంక్యుబేటర్‌లో పెట్టాలి. తర్వాత చూస్తే ఒక్క కాలనీ కూడా ఉండదు. అందరూ సంతోషిస్తారు. నేను మాట్లాడదలచుకున్నది ఆ ఖాళీ ప్లేటు గురించే.

1881లో రాబర్ట్ కోచ్ పట్టుదారాలకు ఆంథ్రాక్స్ స్పోర్లు పట్టించి, రకరకాల మందుల్లో ముంచి చూశాడు. మెర్క్యురిక్ క్లోరైడ్ మహా శక్తిమంతమని తేల్చాడు. అయితే దారంతోపాటు కొంత మందు కూడా పెంపకపు మాధ్యమంలోకి చేరుతోంది. 1889లో గెప్పర్ట్ అనే పరిశోధకుడు అమ్మోనియం సల్ఫైడుతో ఆ పాదరసాన్ని విరిచి చూస్తే, చచ్చాయనుకున్న స్పోర్లు మళ్ళీ మొలిచాయి! మందు వాటిని చంపలేదు, పెరగకుండా ఆపిందంతే. మందును విరిచే న్యూట్రలైజర్‌ను మీరు కలిపేది ఇందుకే. అది కలపని ప్లేటు ఖాళీగా ఉన్నా, దాన్ని నేను ఫలితంగా లెక్కించను.

1903లో వచ్చిన రిడియల్-వాకర్ పరీక్ష మందు బలాన్ని ఫినాల్‌తో పోల్చింది. కానీ అది శుభ్రమైన నీళ్ళలో చేసే పరీక్ష. ఆసుపత్రి వార్డులో గచ్చు అలా ఉండదు కదా. రక్తం తుడవకుండా బ్లీచింగ్ నీళ్ళు పోస్తే క్లోరిన్ చాలావరకు ఆ రక్తానికే ఖర్చయిపోతుంది. 1908లో హారియెట్ చిక్ అనే శాస్త్రవేత్త, తన సహచరుడు మార్టిన్‌తో కలిసి పరీక్షలోకే మలినాన్ని తెచ్చింది. తాను పనిచేసిన పరిశోధన సంస్థ లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆడమనిషికి చోటివ్వొద్దని అడ్డుపడ్డవాళ్ళున్నా నిలిచింది ఆమె. ఈ హాల్లో ఉన్న అమ్మాయిలు ఆమె గురించి తప్పక చదవాలి.

సీసా మీద 99.9 శాతం అని ఉంటుంది. పది లక్షల్లో అంత చచ్చినా ఇంకా వెయ్యి మిగులుతాయి. ఇరవై నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఈ.కోలైకి తేమ, తిండి దొరికితే, ఆ వెయ్యి మళ్ళీ పది లక్షలు కావడానికి మూడున్నర గంటలు చాలు. అందుకే యూరప్ వారి ఈఎన్ 1276 ప్రమాణం లక్షకు ఒకటి కంటే ఎక్కువ మిగలకూడదంటుంది. డెబ్బై శాతం ఆల్కహాల్ బాసిల్లస్ స్పోర్లను చంపలేదన్నదీ మరవొద్దు. కొనితెచ్చిన కల్చర్లతో ఆగకుండా, మీ క్లీన్ రూమ్ గోడ మీద దొరికిన బ్యాక్టీరియాతోనూ పరీక్షించండి.

ఇంజెక్షన్ మందు బ్యాచ్ ఆగిందని, త్వరగా తేల్చమని ఒత్తిడి వస్తుంది. ఆ ఇంజెక్షన్ ఎక్కించుకునే మనిషి మీ ల్యాబులోకి వచ్చి అడగలేడు. అతని తరఫున అడగాల్సింది మీరే. న్యూట్రలైజర్ పనిచేసిందో లేదో, కంట్రోల్ ప్లేటులో కాలనీలు పెరిగాయో లేదో చూడకుండా సున్నా మీద సంతకం పెట్టకండి.