కంప్యూటరు మెమరీ: వేగమును ఓపికయును



మా ఇంటి కౌలు లెక్కలను నేను కంప్యూటరులో వ్రాసికొనుచున్నాను. ఒకనాడు ఆ లెక్క చూచి మా కౌలురైతుతో, "తాతా, ఇంకను 92 బస్తాలు రావలసియున్నవి" అంటిని. అతడు తన కాగితము విప్పి, "బాబూ, మనము చెప్పుకొన్నది పండ్రెండే గదా" అనెను. నా పాత చిట్టాలోను పండ్రెండనియే యుండెను. తప్పు నా యంత్రమునందు జరిగినది. ఆ తప్పునకు దారి తీసినవాడను నేను.

కంప్యూటరు పనిచేయునపుడు అంకెలను, అక్షరములను తాత్కాలికముగా నుంచుకొను స్థలమును మెమరీ యందురు. నేడు వాడుకలోనున్న మెమరీ విధానమును 1966లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థయందు రాబర్ట్ డెన్నార్డ్ కనిపెట్టెను. అందు కోట్లకొలది చిన్న గదులు వరుసలు తీరి యుండును. గదిలో విద్యుత్తు నిండియున్న నొక గుర్తు, లేకున్న వేరొక గుర్తు. కాని గది చిల్లికుండ వంటిది. విద్యుత్తు కారిపోవుచునే యుండును. కావున డి.డి.ఆర్.4 అను తెగలో సాధారణపు వేడిమియందు ప్రతి వరుసను సెకండునకు సుమారు 16 మార్లు మరల నింపుచుండవలెను.

ఒక గదిని చదువుటకు మొదట దాని వరుసను తెరచి, అందలి స్వల్పమైన విద్యుత్తు తేటపడువరకు ఆగవలెను. చదువుటకు మరికొంత ఆగవలెను. వేరొక వరుసకు పోవుటకు ముందు దీనిని మూసి ఇంకను కొంత ఆగవలెను. ఈ నిరీక్షణలనే టైమింగు లందురు. 16-18-18-36 అని వ్రాయునవి యివియే. డి.డి.ఆర్.4-3200 మెమరీలో 16 అనగా 10 నానోసెకండ్లు. 14 అనగా 8.75.

ఈ కొంచెపు లాభమునకు నేనాశపడితిని. బయాస్ అను మూలపు అమరికలో 16ను 14 చేసి, తక్కిన అంకెలనుగూడ తగ్గించితిని. యంత్రము చక్కగనే లేచెను. నేను సంతోషించి పరీక్ష మానితిని. నీరు మడి చివరకు పారకమునుపే తూము మూసినవాని పని యది.

కంప్యూటరులో 1 అను అంకెకు సంకేతము 00110001; 9కి 00111001. ఒక్క సున్న ఒకటిగా మారిన చాలును, 12 కాస్త 92 అగును. యంత్రము ఆగదు, అరవదు. పిమ్మట మెమ్‌టెస్ట్86 అను పరీక్షను రాత్రియెల్ల నడపగా తప్పులు పలుమార్లు కనబడెను. అంకెలను మొదటి స్థితికి మార్చి మరల నడపగా ఒక్కటియు లేదు.

మీ మనుమలు ఇట్టి ప్రయత్నము చేయుదురేని ఈ మాటలు చెప్పుడు. ముందుగా లెక్కల ప్రతిని వేరొకచోట నుంచవలెను. ఒక్కసారి ఒక్క అంకెనే, ఒక్క మెట్టే తగ్గింపవలెను. ప్రతి మార్పు పిమ్మట రాత్రియెల్ల పరీక్షింపవలెను. ఒక్క తప్పు కనబడినను వెనుకకు రావలెను. లెక్కలు, దస్తావేజులు ఉంచు యంత్రమునకైతే, ఒక గుర్తు తప్పిన తానే దిద్దుకొను ఈ.సి.సి. మెమరీ మేలు.

ఆ వృద్ధుని క్షమాపణ కోరితిని. అతని కాగితము, నా చిట్టా లేకున్నచో 80 బస్తాల అన్యాయము నా చేతిమీదుగా జరిగియుండెడిది. నాకు మిగిలిన లాభమో, ఒక నానోసెకండు పైచిలుకు. నాటినుండి చేతివ్రాత చిట్టాను నేను విడువలేదు.