ఆఫ్రికా వనయాత్ర: ముందుగా తెలిసికొనవలసిన సంగతులు

(సంఘ సమావేశమందు చేసిన ప్రసంగపాఠము)



2025 ఆగస్టు మాసమున మన సేలమునుండి పదుముగ్గురము కెన్యా దేశమునకు పోయి, అచ్చటి మసాయి మారా అభయారణ్యమును చూచి వచ్చితిమి. అది మొదలు మా అంగడికి వచ్చిన వారందఱును సింహములను గుఱించియే అడుగుచున్నారు. లెక్కలను గుఱించి అడిగినవారు ఒక్కరును లేరు. మనవారిలో మఱి రెండు జట్లు బయలుదేఱ నున్నవని వింటిమి. కావున నేడు సింహముల కథ తగ్గించి, లెక్కలును పొరపాట్లును చెప్పుదుము. ఆ పొరపాట్లలో పెక్కు మావే.

సఫారీ యనగా స్వాహిలీ భాషలో ప్రయాణమనియే అర్థము. అరబ్బీనుండి వచ్చిన మాట. ఉర్దూలోని సఫరు దానికి చుట్టము. ప్రయాణమునకు కావలసిన జాగ్రత్తలన్నియు దీనికిని కావలెను, మఱికొన్ని ఎక్కువగా కావలెను.

మేము మొదట పదునలుగురముగా పేర్లు వ్రాసికొంటిమి. పదునాలుగవవారు మా పినతండ్రిగారు, డెబ్బది యొకటవ యేడు. ఈ యాత్ర తలపెట్టినవారే ఆయన. విమానపు టికెట్లు కొంటిమి, బయానా కట్టితిమి. అటుపిమ్మటనే పచ్చజ్వరపు టీకా సంగతి తెలిసినది. కెన్యా, ఉగాండా, ఇథియోపియా వంటి దేశములనుండి ఆరు దినములలోపల మన దేశమునకు తిరిగి వచ్చువారు ఆ టీకాపత్రమును చూపనిచో విమానాశ్రయమునుండియే ఆరు దినములవఱకు ప్రత్యేక నిర్బంధమున నుంచుదురు. ఊరిలోని ఏ వైద్యుడైనను వేయు టీకా కాదిది. ప్రభుత్వము అనుమతించిన కేంద్రములందే వేయుదురు. చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు అట్టిది. వేసికొన్న పది దినముల తరువాతనే పత్రము చెల్లును. ఒక్కసారి వేసికొన్నచో జీవితాంతము చెల్లునని 2016 నుండి నియమము.

పినతండ్రిగారు కీళ్ళనొప్పులకు చాలకాలముగా స్టెరాయిడ్ మాత్రలు వాడుచున్నారు. ఆ మాత్రలు వాడువారికి ఈ జీవటీకా వేయరాదని కేంద్రపు వైద్యులు నిరాకరించిరి. అఱువది దాటినవారి విషయమున సైతము వారు మిక్కిలి ఆలోచించి వేయుదురు. టికెట్టు డబ్బు తిరిగి రాలేదు. ఏజెంటు బయానా తిరిగి యీయలేదు. ఆ మొత్తము మేమే యిచ్చితిమి గాని, ఆయన కోరిక మేమెక్కడినుండి తెచ్చి యీయగలము? విమానాశ్రయమునకు వచ్చి మమ్ము సాగనంపి, మా సామానులు తామే తూచి ఇంటికి మరలిరి. కావున ముందు వైద్యుడు, తరువాత టికెట్టు. ఈ క్రమమును తిరుగవేయకుడు. మలేరియా మాత్రలును ఆ వైద్యునే అడుగవలెను. అవి పోవుటకు ముందే మొదలుపెట్టి, వచ్చిన తరువాతకూడ కొన్నాళ్ళు వాడవలసినవి.

ఇక పైకము. ఏజెంటు ఇచ్చిన కాగితమున "అన్నియు కలిపి" యని పెద్ద అక్షరములతో నున్నది. మేము ఇరువదేండ్లుగా సరుకు బిల్లులు చదువుచున్నవారము. అయినను వెనుకపుట చదువలేదు. ఉపాధ్యాయినిగా పనిచేసిన మా వదినగారు చదివిరి. అభయారణ్య ప్రవేశరుసుము అందులో చేరలేదు. మారాలో 2024 నుండి విదేశీయునకు దినమునకు జనవరి మొదలు జూన్ వఱకు 100 డాలర్లు, జూలై మొదలు డిసెంబరు వఱకు 200 డాలర్లు. పదుముగ్గురకు మూడు దినములకు 7,800 డాలర్లు! మన రూపాయలలో ఆరున్నర లక్షలకు పైమాట. సంతకము చేసినది మేము, అందఱిని ఒప్పించినదియు మేము. అటులని పదుముగ్గురిని ఆపలేకపోతిమి. మూడు దినములను రెండుగా తగ్గించి, తక్కిన 5,200 డాలర్లలో సగము మా అంగడి పద్దునుండి పెట్టితిమి. ఇది గొప్పకై చెప్పుటలేదు. కాగితమున ప్రవేశరుసుము, వాహనము, భోజనము, త్రాగునీరు ఒక్కొక్కటి విడివిడిగా వ్రాయించుకొనుడని చెప్పుటకే. విదేశయాత్రా ప్యాకేజీలపై ఏజెంటు వసూలుచేయు ఆదాయపుపన్ను ఖర్చు కాదు. రిటర్నులో జమ చూపుకొనవచ్చును. రసీదు మాత్రము భద్రము.

కెన్యాకు వీసా అను మాట 2024 జనవరితో పోయినది. దాని స్థానమున ముందుగానే ఇంటర్నెట్టులో ప్రయాణానుమతి తీసికొనవలెను. ఆ ప్రభుత్వపు రుసుము ముప్పది డాలర్లకు కొంచెము పైన. ప్రభుత్వపు పుటవలెనే కనబడుచు రెండింతలు గుంజు దళారులున్నారు. ఇంకొక చిక్కు: పటమున మారాయు, టాంజానియాలోని సెరెంగెటియు ఒకదాని నొకటి ఆనుకొని యున్నవి గదా యని, ఉదయ మిచ్చట, సాయంకాల మచ్చట యని లెక్కవేయరాదు. మృగములకే ఆ దారి. మనుష్యులు ఇసెబానియా సరిహద్దు చుట్టివచ్చి, అనుమతులు వేఱుగా పొంది, వాహనమును సైతము మార్చుకొనవలసియుండును.

ఊరగాయల సంగతి స్త్రీలు అడుగుచున్నారు. కెన్యాలో ప్లాస్టిక్ సంచులు 2017 ఆగస్టునుండి నిషిద్ధములు. 2020 జూన్ నుండి అభయారణ్యములలో ఒకసారి వాడి పారవేయు నీళ్ళసీసాలును నిషిద్ధములే. కావున మాగాయను స్టీలుడబ్బాలో పెట్టి గుడ్డసంచిలో కట్టుడు. శాకాహారమునకు భయపడ నక్కఱలేదు. తరతరములుగా గుజరాతీలు కాపురమున్న దేశమది. చపాతీ యను మాట స్వాహిలీలోనే కలదు. ముందుగా తెలిపినచో బసలో పప్పు, కూర వండిపెట్టిరి. మారా మైదానము ఇంచుమించు మన ఏర్కాడంత ఎత్తు, అంతకు మించియు నుండును. తెల్లవాఱుజామున పైకప్పు తెఱచిన బండిలో చలి ఎముకలు కొఱుకును. ఆఫ్రికా యనగా ఎండయేయని పట్టుచీరలతో వచ్చినవారు మా కంబళ్ళు పంచుకొనిరి. ముదురు నీలము, నలుపు రంగులు ట్సెట్సీ యను కుట్టు ఈగల నాకర్షించును. ఖాకీ, బూడిదరంగులు మేలు. చిన్న విమానమున పోవువారికి సామాను పదునైదు కిలోలే, అదియు మెత్తని సంచిలోనే. మేము నైరోబీనుండి రోడ్డున పోయితిమి. ఆరు గంటలు పట్టినది. ఆ రెండు పూటలును చూచెడి దినముల లెక్కలో చేర్చుకొనరాదు.

బండి విషయమున పిసినారితనము వలదు. ప్రతివారికిని కిటికీ యుండవలెను. మృగముల దగ్గఱ దిగరాదు, కేకలు వేయరాదు, చేయి బయట పెట్టరాదు. డ్రైవరు అనుమతించిన చోటనే కాలకృత్యములకు దిగవలెను; కావున ఉదయపు కాఫీ రెండవ గ్లాసు మానుకొనుట మంచిది. మా బావగారు మానలేదు. ఏనుగుల గుంపు దాటిపోవువఱకు ఆయన పడిన బాధను ఇచ్చట వర్ణింపము.

జూలైనుండి అక్టోబరు వఱకు విల్డ్‌బీస్టులను మృగములు లక్షల సంఖ్యలో మారా నదివద్దకు చేరును. అవి నది దాటుట చూపెదమని ఏజెంట్లు చెప్పుదురు. చూపుట వారి వశమున లేదు. మేము పది గంటలనుండి రెండు గంటలవఱకు గట్టున నిలిచితిమి. మంద నీటి అంచువఱకు దిగినది, ముందున్నది నీటిని వాసన చూచినది, మొసళ్ళు కదలినవి, అంతలో మందయంతయు దుమ్ము రేపుచు వెనుకకు మరలినది. కొందఱు డబ్బు వృథా యనిరి. మాకు మాత్రము ఆ నాలుగు గంటలే యాత్రయనిపించినది. మఱునాటి ఉదయము ఆడుసింహములు తమ పిల్లలతో దారి కడ్డముగా పండుకొనియుండగా అరగంట ఆగితిమి. మూడవ దినము మాకు లేదు గదా. అందుచేత చిరుతను చూడలేదు. నది దాటుటను చూచి తీరవలెనన్నవారు మూడు నాలుగు దినములైన నుండునట్లు ఏర్పాటు చేసికొనవలెను. అంత వ్యయము వలదన్నవారు జనవరి, ఫిబ్రవరులలో పోవచ్చును. రుసుము సగము, సింహములు అవియే. మార్చి చివరనుండి మే వఱకు పెద్దవానలు.

రాబోవు జట్లవారు పాస్‌పోర్టు గడువు ప్రయాణదినమునుండి ఆరు మాసములకు తక్కువ కాకుండునట్లు చూచుకొని, టీకాపత్రమును తెచ్చి చూపిన తరువాతనే సంఘమున బయానా కట్టవలెనని మా మనవి. మా ఖర్చుల పుస్తకమును పినతండ్రిగారి కప్పగించితిమి; ఆయన ముందువరుసలోనే కూర్చున్నారు. ప్రతి ఆదివారము సాయంకాలము సంఘకార్యాలయమున ఆయనవద్ద చూచుకొనవచ్చును. ఛాయాచిత్రములును ఆయనవద్దనే యున్నవి.