సంతకము గాదు, పని కావలెను

(వార్షిక మహాసభయందలి విద్యార్థి గోష్ఠిలో జేసిన యుపన్యాసము)



విద్యార్థులకు బనికివచ్చు నాలుగు మాటలు చెప్పుడని కార్యదర్శిగారు మమ్ము గోరిరి. మేము పండితులము గాము, వక్తలమును గాము. ముప్పదియేండ్లుగా నొరుల జమాఖర్చులు తనిఖీ చేయుచు బ్రతుకుచున్నవారము. కావున మాకు దెలిసిన యొక్క విషయమునే, అనగా చార్టర్డు అకౌంటెంటు కాగోరు విద్యార్థి ఆడిటరు కచేరీలో జేయవలసిన యభ్యాసమును గూర్చియే, విన్నవించెదము.

దీనిని ఆర్టికల్‌షిప్ అందురు. పుస్తకములు చదివి పరీక్షలిచ్చినంత మాత్రమున నీ వృత్తిలో బ్రవేశము లేదు. వృత్తిలోనున్న ఆడిటరుకడ బనిచేసి తీరవలెను. మునుపు మూడేండ్లుగా నుండిన యీ యభ్యాసము 2023 జులై 1వ తేదీ మొదలు చేరువారికి రెండేండ్లైనది. ఇంటర్మీడియేటు పరీక్ష రెండు గ్రూపులును గడచిన పిమ్మటనే చేరవలెను. విద్యార్థికడ బ్రీమియము గాని, డిపాజిటు గాని పుచ్చుకొనరాదనియు, నతనికే నెలనెలకు స్టైపెండు నియ్యవలెననియు నిబంధనలున్నవి. కాలము తగ్గినది గనుక నందలి యొక్కొక్క దినమునకు విలువ పెరిగినదని తల్లిదండ్రులు గ్రహింపవలెను.

ఆ దినములలో నేమి నేర్తురని కొందరడుగుదురు. మా యనుభవ మొకటి చెప్పెదము. మేము శిష్యులముగా నున్న కాలమున, మార్చి 31వ తేదీన గోదావరి ప్రాంతమునందలి యొక బియ్యపు మిల్లులో సరుకు నిలువ లెక్కించుటకు మా గురువుగారు మమ్ము బంపిరి. గుమాస్తాగారు మిక్కిలి యాదరించి, "ఎండగా నున్నది బాబూ, లోన గూర్చుండి మజ్జిగ పుచ్చుకొనుడు. లెక్క మేము వ్రాసి యిత్తుము" అనిరి. మేము మజ్జిగ పుచ్చుకొంటిమి గాని లెక్క మేమే చేసితిమి. బస్తాల దొంతర పొడవున నెన్ని, వెడల్పున నెన్ని, యెత్తున నెన్ని యని చూచి, హెచ్చవేసి తెచ్చి చూపితిమి. గురువుగారు కాగితము చూడకయే, "పైకెక్కి చూచితివా నాయనా?" అని యడిగిరి. చూడలేదంటిమి. "తెల్లవారగనే పోయి చూచి రమ్ము" అనిరి.

మరునాడు నిచ్చెన వేయించుకొని యెక్కితిమి. నాలుగు ప్రక్కల గోడవలె బస్తాలున్నవి. నడుమ నంతయు బోలు. ఆ లేని బస్తాలను జూపి బ్యాంకులో నప్పు దెచ్చియుండిరి. గురువుగారు మమ్ము గద్దింపలేదు. ఆ నిచ్చెన యెక్కుటయే మాకు బాఠమైనది. ఏ పుస్తకములోనైన నీ మాట వ్రాసియుండవచ్చును గాని చదివి మఱచియుందుము.

ఇది చిన్న మిల్లు కథ యనుకొనరాదు. హైదరాబాదునందలి సత్యం కంప్యూటర్సు అధ్యక్షులు 2009 జనవరి 7వ తేదీన స్వయముగా లేఖ వ్రాసి, లెక్కలలో జూపిన నగదు, బ్యాంకు నిలువలలో 5,000 కోట్ల రూపాయలకు బైగా లేనివేయని యొప్పుకొనిరి. బ్యాంకులో సొమ్మున్నదా యని బ్యాంకువారినే యడిగి, ప్రత్యుత్తరమును దిన్నగా ఆడిటరే తెప్పించుకొనవలెను. అట్టి లేఖలు సిద్ధపఱచుట, వచ్చిన జవాబులను సరిచూచుట తఱచుగా విద్యార్థుల పనియే. అది చిల్లరపని యని తలచువాడు వేలకుటుంబముల సొమ్మును దలపనివాడు.

ఇక మా దోషమును జెప్పెదము. దానిని దాచిన యెడల నీ వేదికపై నిలుచుటకు మాకు హక్కు లేదు. కొన్నేండ్ల క్రిందట మా జ్ఞాతి యొకరు వచ్చి, "పిల్లవాడు ఇంటికడ జదువుకొనును, మీ కచేరీకి వచ్చినట్లు వ్రాసి సంతకము పెట్టుడు. మనవాడు గదా!" అనిరి. మొగమాటముచే మేము పెట్టితిమి. అది మా వృత్తిధర్మమునకు ద్రోహము. పిల్లవాడు బుద్ధిమంతుడు, పరీక్షయు గడచెను. ఉద్యోగములో జేరగా, బ్యాంకు పుస్తకమును గంపెనీ పుస్తకముతో సరిపోల్చుమనిరట. ఎక్కడ మొదలిడవలెనో యతనికి దెలియలేదు. ఆరు నెలలకే యుద్యోగము విడిచి మాయొద్దకు వచ్చి, "బాబాయిగారూ, మీరు నాకు సంతకము పెట్టి యిచ్చితిరి గాని పని నేర్పలేదు" అనెను. మాకు మాట రాలేదు. మరునాటినుండి యతడు మా కచేరీలో దనకంటె జిన్నవారి ప్రక్కన గూర్చుండి వోచర్లు చూచెను. సిగ్గు పడవలసినది యతడు గాదు, మేము.

కావున సభవారికి మూడు విన్నపములు. మొదటిది: తల్లిదండ్రులారా, కులములోని ఆడిటర్ల నుత్తసంతకమడుగకుడు. బంధుత్వము తలుపు తెఱచుటకు బనికివచ్చును గాని పని నేర్పుటకు బనికిరాదు. రెండవది: వృత్తిలోనున్న సోదరులారా, పట్టణములో నెఱిగినవారెవ్వరును లేని పల్లెటూరి విద్యార్థికి, ఏ కులమువాడైనను, మీ కచేరీలో నొక స్థానముంచుడు. ఆడపిల్లలను వెనుకకు నెట్టకుడు. ఆర్. శివభోగంగారు మదరాసులో 1933లోనే యీ వృత్తి పరీక్షలో నుత్తీర్ణులై మార్గము చూపిరి. మూడవది: స్టైపెండుతో బట్టణవాసము సాగుట కష్టము. కావున మన సంఘ నిధినుండి మొదటి యాఱునెలల బస భోజనములకు వడ్డీలేని ఋణమిచ్చు తీర్మానమును నేటి సభ యంగీకరింపవలెను. కళ్యాణమంటపపు గోపురమునకు జేయు వ్యయములో గొంత దీనికి మరల్చినను మన గౌరవము తగ్గదు.

విద్యార్థులారా, మీకొక్కమాట. మిమ్ము బంపిన చోట మజ్జిగ పుచ్చుకొనుడు. నిచ్చెన మాత్రము మఱవకుడు.