ఉడుపులో ఔచిత్యము



1921 సెప్టెంబరు 22వ తేదీన తమిళనాట మదురైలో గాంధీజీ చొక్కాను, టోపీని విడిచి కొల్లాయి కట్టారు. ఖద్దరు కొనే స్తోమత లేదన్న పేదల మాట ఆయనను కలచివేసింది. 1931లో లండను నగరమున ఐదవ జార్జి చక్రవర్తిని కలిసినప్పుడును ఆయన ఉడుపు కొల్లాయియే. అందరును అట్లే కట్టవలెనని ఆయన కోరలేదు. గ్రహింపవలసినది ఒక్కటే: ఆ ఉడుపునకు ఒక కారణమున్నది.

నేడు బీరువా తెరచి చూచిన, ఎన్ని బట్టలకు కారణము చెప్పగలరు? పొరుగువారు కొన్నారని ఒకటి, ధర తగ్గించారని ఒకటి, పెండ్లిలో ఒక్క పూటకని మరొకటి. అయినను బయలుదేరు వేళ కట్టుకొనుటకు ఏమియు లేదను మాటే వినవచ్చును.

నిత్యమునకు ఐదారు జతలు చాలును. అవి ఎండకు, ఉక్కకు ఓర్చు నూలువి, ఒకదానితో ఒకటి కలియు రంగులవి, ఇంటనే ఉతుకదగినవి కావలెను. కొత్తది కొనుటకు ముందు అది ఏ పనికి, ఎన్నిమార్లు ఉపకరించునని ఆలోచింపవలెను. ఊడిన గుండీని ఆనాడే కుట్టుకొనవలెను. ఒంటికి సరిగా అమరిన సాదా చొక్కా, అమరని పట్టుచొక్కా కంటె శోభించును.

బడిలో పిల్లలందరికీ ఒకే దుస్తులు ఏర్పరచుటలోని ఆంతర్యము, బట్టను చూచి తోటివాని విలువ కట్టరాదనియే. బడి విడిచిన తరువాతను ఆ పాఠము సాగవలెను. పండుగనాడు పాత చొక్కాతో వచ్చిన బాలుడు తల వంచుకొనిన, లోపము చొక్కాది కాదు, చూచువారి చూపుది. ఆ చూపును దిద్దవలసినవారు ఇంట తల్లిదండ్రులు, బడిలో గురువులు.