గాజుల లక్ష్మీనరసుశెట్టిగారు
(ఆత్రేయపురమున పఠనమందిరపు సభలో నొక న్యాయవాది యొసంగిన యుపన్యాసము)



మన చేలకు నీరు దెచ్చిన ధవళేశ్వరపు ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. ఆ యేడే చెన్నపట్టణమున నొక తెలుగు వర్తకుడు మదరాసు నేటివ్ అసోసియేషనును స్థాపించెను. కాటను దొరను మన మందఱ మెఱుగుదుము. గాజుల లక్ష్మీనరసుశెట్టిగారి నెందఱెఱుగుదురు?

వారు 1806లో జన్మించి, తండ్రితోడ నీలిమందు, వస్త్రముల వ్యాపారము సాగించి ధనము గడించిరి. అంతటితో నాగియున్నచో నేడు వారి పేరెత్త నక్కఱలేదు. 1844లో 'క్రెసెంటు' అను ఆంగ్లపత్రికను నెలకొల్పిరి. దాని ప్రకటనను సైతము సర్కారు గెజెట్టు వేయ నిరాకరించెను.

ఇక శిస్తు మాట. బాకీపడిన రైతును వంగదీసి, తలను కాళ్లకు త్రాటితో బంధించి యెండలో నుంచుచుండిరి. వ్రేళ్లను కఱ్ఱల నడుమ బెట్టి నొక్కుచుండిరి. మొఱపెట్టుకొందమన్న నెవరికి? శిస్తు వసూలుచేయు తాసీల్దారే పోలీసధికారియు! వకీలునగు నాకు ఆ హింసకంటె నీ యేర్పాటే యెక్కువ భయంకరముగా దోచుచున్నది.

శెట్టిగారు 1852లో పార్లమెంటునకు మహజరు పంపిరి. మఱుసటి యేడు చెన్నపట్టణము వచ్చిన డాన్బీ సేమూరను పార్లమెంటు సభ్యునికి రైతుల గోడు వినిపించిరి. 1854లో విచారణసంఘ మేర్పడెను. హింస నిజమేయని 1855లో అది యొప్పుకొనెను. దొరల తప్పు మాత్రము లేదట! 1859 చట్టముతో పోలీసు ప్రత్యేకశాఖ యయ్యెను.

1863లో శెట్టిగారికి చెన్నపురి శాసనసభలో సభ్యత్వ మిచ్చిరి. అప్పటికే వారి సొమ్ము పత్రికకును, సంఘమునకును, మహజరులకును కరగిపోవుచుండెను. 1868లో పేదఱికముననే కన్నుమూసిరి.